ఓడినవాడు చెప్పని జ్వరం

మా ఆయన జాతర కుస్తీలో రెండు నిమిషాలకే వెల్లకిలా పడిపోయినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. భయం మర్నాడు వచ్చింది. ఆ రెండింటి మధ్య మేం చేసిన తెలివితక్కువ పని గురించే ఇదంతా రాస్తున్నాను. ఇది రాస్తుంటే ఆయన పక్క గదిలోంచి “నా గురించి ఏం రాస్తున్నవ్, జర మంచిగ రాయి” అని అరుస్తున్నాడు. కాబట్టి చదివేవాళ్లు కంగారు పడకుండా ముందే చెప్పేస్తున్నాను, మనిషి బాగున్నాడు. గొంతు మరీ బాగుంది.

నా పేరు మహానంద. జహీరాబాద్‌లో బ్లౌజులు కుడతాను. మా ఆయన సంగమేశ్ పిండి గిర్ని నడుపుతాడు. ఇంటి ముందు గదిలో నా మిషన్, పక్క రేకుల షెడ్డులో ఆయన గిర్ని. జొన్నలు పట్టిన రోజు తెల్లగా, పసుపు కొమ్ములు పట్టిన రోజు పచ్చగా ఇంట్లోకి వస్తాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. యాభై కిలోల బస్తాను దిండులా భుజాన వేసుకొనేవాడు. పెళ్లికి ముందు నుంచే పహిల్వాన్.

న్యాల్‌కల్ వైపు ఆయన సొంత ఊరు. చలి తగ్గే రోజుల్లో అక్కడ జాతర జరుగుతుంది, జాతరకు కుస్తీలు ఉంటాయి. మధ్యాహ్నం కొబ్బరికాయ బహుమతిగా ఇచ్చే పిల్లల కుస్తీతో మొదలై, పొద్దు గూకే వేళకు పెద్ద పహిల్వాన్ల కడెం కుస్తీతో ముగుస్తాయి. ఆ ఆఖరి కుస్తీ గెలిచినవాడి చేతికి ఊరి పెద్దలు వెండి కడెం తొడుగుతారు. మా ఆయన రెండుసార్లు తొడిగించుకున్నాడు. ఈ సంగతి మా వీధిలో తెలియనివాళ్లు లేరు, ఎందుకంటే ఆయనే చెబుతాడు.

పోయినేడు ఆయన మీదికి వచ్చిన పహిల్వాన్ మా తల్లిగారి ఊరివాడు. మా తల్లిగారిది సరిహద్దు దాటాక బీదర్ వైపు ఉన్న పల్లె. మా తమ్ముడు బసవరాజ్ ఆ పహిల్వాన్‌ను వెంటబెట్టుకొని, ఇంకో పది మందిని జీపులో ఎక్కించుకొని వస్తున్నాడని వారం ముందే కబురు వచ్చింది. నాకు ఒకటే సంబరం. మా ఊరోళ్ల ముందు మా ఆయన గెలవాలి, నేను మిద్దె మీద నిలబడి చూడాలి.

సరిగ్గా జాతరకు ఐదు రోజుల ముందు ఆయనకు జ్వరం పట్టుకుంది. ఒళ్లు నొప్పులు, జలుబు, పొడి దగ్గు. అప్పుడు మా వీధిలో ఇంటికొకరు అలాగే పడుకొని ఉన్నారు, అందుకని ఎవరూ పట్టించుకోలేదు. పారాసిటమాల్ వేసుకుంటే తగ్గేది, మళ్లీ వచ్చేది. జాతర నాటి పొద్దున ఒళ్లు కొంచెం చల్లబడింది. కానీ గిర్ని షెడ్డు మెట్లు రెండు ఎక్కి, తలుపు పట్టుకొని ఆగాడు.

“ఈసారి వద్దు అనిపిస్తున్నది మహానందా. కాళ్లల్ల సత్తువ లేదు” అన్నాడు.

నేను ఏమన్నానో దాచుకోకుండా రాస్తాను. రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

“జ్వరమని ఇంట్ల పంటె మా తల్లిగారోళ్లు ఏమనుకుంటరు? మా పహిల్వాన్‌ను చూసి భయపడ్డడు అంటరు. నా మొఖం ఏడ వెట్టుకోవాలె?”

ఆయన నన్ను ఒకసారి చూసి, మేకుకు తగిలించి ఉన్న లంగోటా తీసుకున్నాడు.

ఆ సాయంత్రం ఎర్రమట్టి బరిలో ఆయన్ని చూస్తే నాకు కొత్త మనిషిని చూసినట్టు అనిపించింది. పట్టు పట్టకముందే రొప్పుతున్నాడు. మా తల్లిగారి ఊరి పహిల్వాన్ ఈయన మెడ మీద చెయ్యి వేసి లాగాడు, నడుము ఎత్తాడు, అంతే. డప్పులు మోగాయి. మా ఊరోళ్లు తువ్వాళ్లు ఎగరేశారు. నేను మిద్దె మీది నుంచి కోపంగా దిగిపోయాను.

ఇక్కడ మా కుస్తీవాళ్ల కట్టుబాటు ఒకటి చెప్పాలి. తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, మా ఆయనకు ఉస్తాద్ నేర్పిన మొదటి సంగతి పట్టు కాదు. ఓడినవాడు సాకు చెప్పకూడదు, అదీ మొదటి సంగతి. కాలు నొచ్చింది, కడుపు నొచ్చింది, జ్వరం ఉండె అని ఓడిన తర్వాత అంటే, గెలిచినవాడి గెలుపును తగ్గించినట్టు. మట్టి దులుపుకొని, గెలిచినవాడి చెయ్యి పట్టుకొని పైకెత్తి, నోరు మూసుకొని పోవాలి. ఈ కట్టుబాటు తప్పినవాణ్ణి మరుసటి ఏడు కుస్తీకి పిలవరు. మా ఆయన అబద్ధాలు ఆడతాడేమో గానీ, ఆ మాట మాత్రం తప్పడు.

బరిలోంచి బయటకు వచ్చాక మా తమ్ముడు దగ్గరికి పోయి అడిగాడు, “ఏమైంది బావా, ఇయాల గట్ల పడ్డవ్?”

“నీ పహిల్వాన్ మంచోడు బామ్మర్ది. పట్టు గట్టిది” అని ఈయన నవ్వాడు. నవ్వుతూ ఎడమ రొమ్ము మీద అరచెయ్యి అదిమిపెట్టుకున్నాడు. ఆ చెయ్యిని నేను చూశాను. చూసి కూడా మొహం తిప్పుకున్నాను.

ఇంటికి వచ్చాక ఛాతీ బరువుగా ఉందన్నాడు. మా అత్తమ్మ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టింది. “కుస్తీల దెబ్బ తాకింది బిడ్డా, రెండు దినాలల్ల పోతది” అంది. ఆ రాత్రి మా ఇంట్లోనే ఆగిపోయిన మా తమ్ముడే మర్నాడు పొద్దున దగ్గర్లోని ఒక క్లినిక్‌కు తీసుకుపోయాడు, నేనూ వెంట వెళ్లాను. కుస్తీలో పడ్డాడని తమ్ముడు చెప్పాడు. ఆ డాక్టరు ఎముకలకు ఎక్స్‌రే తీయించి, ఏమీ విరగలేదని చూసి, మంచి ప్రశ్నే వేశాడు.

“అంతకుముందు ఒంట్లో బాగానే ఉందా? జ్వరం, దగ్గు ఏమైనా?”

మా ఆయన పక్కనే కూర్చున్న మా తమ్ముడి వైపు చూశాడు. చూసి, “ఏం లేదు సార్, మంచిగనె ఉండె” అన్నాడు.

డాక్టరు నా వైపు కూడా చూశాడు. నేను చీర కొంగు సర్దుకున్నాను. పంపించింది నేనే అని తెలిస్తే తమ్ముడి ముందు పరువు పోతుందని నా బాధ. నొప్పి మాత్రలు రాయించుకొని ఇంటికి వచ్చాం. అబద్ధం చెప్పి తెచ్చుకున్న మందు పని చేయకపోతే ఆ డాక్టరు తప్పేముంది?

ఆ మధ్యాహ్నం గిర్ని దగ్గర ఒక ముసలమ్మ జొన్నల డబ్బా తెచ్చింది. బస్తా కాదు, పది కిలోల డబ్బా. దాన్ని ఎత్తి గిర్నిలో పోయబోతూ మా ఆయన డబ్బాతో సహా కింద కూర్చుండిపోయాడు. జొన్నలన్నీ నేల మీద పారాయి. నేను పరుగెత్తుకొని వెళ్లేసరికి నుదుటి మీద చల్లటి చెమట, పెదవులు తెల్లగా ఉన్నాయి. మణికట్టు పట్టుకుంటే నాడి ఒక లెక్కన లేదు. వరసగా కొట్టుకొని, ఆగి, మళ్లీ కొట్టుకుంటోంది.

అప్పుడు వచ్చింది భయం.

ఎవర్నీ అడగలేదు. వీధిలో పోతున్న ఆటోను ఆపి మా జహీరాబాద్ సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డ్యూటీ డాక్టరు చిన్న వయసువాడు. ఈసీజీ కాగితం చేతిలో పట్టుకొని రెండుసార్లు చూశాడు. రక్తం తీసి ట్రోపోనిన్ అనే పరీక్ష చేయించాడు. “అమ్మా, ట్రోపోనిన్ పాజిటివ్ వచ్చింది. అంటే గుండె కండరం దెబ్బతిన్నది. హార్ట్ ఎటాక్ కావచ్చు. ఇక్కడ ఆగొద్దు, హైదరాబాద్ పోవాలె, నేను అంబులెన్స్ పిలుస్తున్న” అన్నాడు. ఆ అబ్బాయి అంత వేగంగా కదిలాడు కాబట్టే నేను ఈరోజు ఇంత హాయిగా కూర్చొని రాస్తున్నాను.

హైదరాబాద్‌లో దిగగానే యాంజియోగ్రామ్‌కు తీసుకుపోయారు. నేనూ, ఫోన్ చేయగానే వచ్చి అంబులెన్స్ ఎక్కిన తమ్ముడూ బయట బెంచీ మీద కూర్చున్నాం. గంట తర్వాత కార్డియాలజిస్ట్ బయటకు వచ్చింది. నడివయసు డాక్టరమ్మ, కళ్లద్దాలు తల మీదికి ఎత్తి పెట్టుకొని ఉంది. “రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క బ్లాక్ కూడా లేదు” అంది.

మా తమ్ముడు లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

“కానీ ఎకో స్కాన్ తీస్తే గుండె పంపింగ్ బాగా తగ్గింది. ఈఎఫ్ అంటాం. మామూలుగా యాభై ఐదు శాతం పైన ఉండాలి, ఈయనకు ముప్పై ఐదు ఉంది. బ్లాకులు లేకుండా గుండె కండరం ఇంతగా దెబ్బతినాలంటే వేరే కారణం ఉండాలి. ఈ మధ్య జ్వరం ఏమైనా వచ్చిందా?”

“లేదు మేడమ్, కుస్తీల పడ్డడు” అన్నాడు తమ్ముడు. పాపం, వాడికి తెలిసిందే వాడు చెప్పాడు.

లోపల మంచం మీద పడుకున్న మనిషి చెప్పడు. ఆయన కట్టుబాటు ఆయనది. ఇక ఆ సంగతి తెలిసింది నాకూ, మా అత్తమ్మకే. అత్తమ్మ జహీరాబాద్‌లో ఉంది.

“వచ్చింది మేడమ్” అన్నాను. “ఐదు దినాలు జ్వరం ఉండె. జ్వరంతోనే కుస్తీ వట్టిండు. వద్దన్నడు, నేనే పంపిన.”

తమ్ముడు నా వైపు తిరిగాడు. వాడి మొహం చూడలేక నేల చూశాను. తిడుతుందనుకున్న డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. “ఇప్పుడైనా చెప్పారు, మంచి పని చేశారు. దీంతో నాకు దారి దొరికింది” అంది. ఆ తర్వాత గుండెకు ఎంఆర్ఐ తీశారు. వైరల్ మయోకార్డైటిస్ అన్నారు. వైరస్ వల్ల గుండె కండరం వాచిపోవడం.

మర్నాడు గుండె రోగులను ఉంచే సీసీయూలో మా ఇద్దరి ముందూ డాక్టరమ్మ స్కాన్ కవరు వెనక గుండె బొమ్మ గీసి చెప్పింది. నాకు అర్థమైనంత వరకు రాస్తాను. జ్వరం తెచ్చిన వైరస్ రక్తంలో తిరిగి తిరిగి గుండె కండరంలో దూరింది. దాన్ని పట్టుకోవడానికి మన ఒంట్లోని రక్షణ కణాలు, ఇమ్యూన్ సెల్స్, గుండెలోకి దిగాయి. వైరస్‌ను చంపడం వాటి పని. అయితే కొట్లాట జరుగుతున్నది గుండె లోపల కాబట్టి, అవి కొట్టే దెబ్బలు గుండె కండరానికి కూడా తగులుతాయి. ఆ సమయంలో గుండెకు విశ్రాంతి ఇవ్వాలి. మేం కుస్తీకి పంపాం.

“మరి గా కణాలను ఆపేటోళ్లు లేరా మేడమ్?” అని అడిగాడు మా ఆయన. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉన్నా ఆయనకు ప్రశ్నలకు తక్కువ లేదు.

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. “ఉన్నాయి. అదే మీ అదృష్టం. రెగ్యులేటరీ టీ సెల్స్ అని కొన్ని ఉంటాయి, ‘ఇక చాలు, ఆపండి’ అని మిగతావాటిని అదుపులో పెట్టేవి. ఇంకా గుండెలోనే కాపురం ఉండే మాక్రోఫేజ్‌లు కొన్ని ఉంటాయి. చచ్చిపోయిన కణాలను ఊడ్చి శుభ్రం చేసి, కండరం మళ్లీ కుదురుకోవడానికి సాయం చేస్తాయి. ఈ వైరస్‌ను చంపే మందు నా దగ్గర లేదండీ. గుండె మీద బరువు తగ్గించే మందులు మాత్రం ఇస్తాను. మిగతా పని ఆ కణాలది. వాటికి కావాల్సింది టైమ్, విశ్రాంతి.”

“అంటె నా గుండెల ఒక తాలీం ఉన్నది అన్నట్టు” అన్నాడు ఈయన, కళ్లు మెరుస్తూ. “కొట్లాడేటోళ్లు ఉన్నరు, కొట్లాట విడిపించే పెద్దమనుషులు ఉన్నరు, మట్టి ఊడ్చేటోళ్లు గూడ ఉన్నరు!”

“ఉన్నారు. మీరు కదలకుండా పడుకుంటే వాళ్లు పని చేసుకుంటారు” అంది డాక్టరమ్మ.

ఆ రోజు నుంచి ఎవరు చూడవచ్చినా ఆయన తన గుండెలోని పెద్దమనుషుల గురించి చెప్పడమే. నర్సులకు విసుగు పుట్టించాడు.

కానీ మూడో రోజు ఉదయం, నేను ఇడ్లీ తుంచి నోట్లో పెడుతుండగా, మంచం పక్కన మిషన్ గట్టిగా మోగింది. ఆయన కళ్లు తేలేశాడు. నర్సులు పరుగెత్తుకొచ్చి నన్ను బయటకు పంపారు. గుండె లయ తప్పిందట, వీటీ అన్నారు, షాక్ ఇచ్చారు. ఇరవై నిమిషాలు తలుపు బయట నిలబడ్డాను, చేతిలో సగం ఇడ్లీ ఉంది. ఏ దేవుడి పేరూ గుర్తుకు రాలేదు. జాతర పొద్దున నేనన్న మాటే చెవుల్లో తిరిగింది. ఈ మనిషి పోతే ఆ మాటతో నేను బతికి ఉండాలి కదా అనుకున్నాను. అంత భయం జన్మలో పడలేదు, పడకూడదు కూడా.

తలుపు తీసి నర్సు, “లోపలికి రండమ్మా, అడుగుతున్నాడు” అంది.

“నన్నా?”

“ఇడ్లీని” అంది ఆమె.

నేను ఏడుస్తూ నవ్వాను. నా మొగుడు నాకు దక్కాడని అప్పుడే తెలిసిపోయింది. డాక్టరమ్మ ఇంకో వారం ఉంచుకున్నా, అది ఆమె జాగ్రత్త.

ఆ వారంలో మా తమ్ముడు తన తప్పేమీ లేకున్నా తానే కుంగిపోయాడు. ఏదో ఒకటి చేయాలని, ఇమ్యూనిటీ పెంచుతాయని పేరున్న పొడులు, కషాయాలు, లేహ్యాలు ఒక సంచి నిండా కొనుక్కొచ్చాడు. డాక్టరమ్మ ఆ సంచిలోకి తొంగిచూసి, “ఈయన ఒంట్లో కొట్లాట ఎక్కువై వచ్చిన జబ్బు ఇది. మీరు ఇంకా కర్రలు పంచిపెడతారా?” అంది. తమ్ముడు సంచి మూతి ముడి వేసి మంచం కిందికి తోశాడు. డిశ్చార్జి రోజు ఆ సంచి అక్కడే మరిచిపోయాం. నిజానికి ఎవరూ మరిచిపోలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు చెప్పి పంపారు. ఆరు నెలలు బరువులు ఎత్తకూడదు, పరుగెత్తకూడదు, కుస్తీ మాట తలవకూడదు. ఉప్పు తగ్గించాలి. మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. రోజూ బరువు చూసుకోవాలి, కాళ్లు వాస్తే ఫోన్ చేయాలి.

గిర్ని ఎట్లా అని నేను దిగులు పడుతుంటే మా అత్తమ్మ కొంగు నడుముకు చుట్టి షెడ్డులోకి నడిచింది. “నాకు రాదనుకున్నవా? ఇరవై ఏండ్లసంది చూస్తున్న” అని మోటారు బటన్ నొక్కింది. డబ్బాలు ఎవరివి వాళ్లే ఎత్తి పోసుకోవాలని ఆర్డరు వేసింది. అరవై రెండేళ్ల మనిషి గిర్ని చప్పుడులో పాటలు పాడడం మొదలుపెట్టింది. పిండి మా ఆయన పట్టినదాని కన్నా మెత్తగా వస్తోందని వీధి ఆడవాళ్లు అంటే, ఈయన మొహం చూడాలి!

ఖాళీగా కూర్చోలేక ఈయన నా మిషన్ పక్కకు చేరాడు. ఏదైనా పని చెప్పమని సతాయించాడు. సరే అని బ్లౌజులకు హుక్కులు కుట్టడం నేర్పాను. ఆ వేళ్ల మధ్య సూది కనిపించేదే కాదు. మొదటి రోజు మూడు హుక్కులు కుట్టి నాలుగు చోట్ల పొడుచుకున్నాడు. నెల తిరిగేసరికి వరస తప్పకుండా కుట్టేవాడు. పహిల్వాన్ కుట్టిన హుక్కులు ఊడవని పేరు వచ్చి, కొందరు ఆయన చేతనే కుట్టించమని అడిగి మరీ ఇచ్చిపోయేవాళ్లు.

అలా ఒక మధ్యాహ్నం ఆయన సూదిలో దారం ఎక్కిస్తుంటే, నా కడుపులో ఉన్నది బయటకు వచ్చేసింది.

“నేను ఆ మాట అనకపోతే నువ్వు పోకపోదువు. నీకు గిదంత కాకపోతుండె. నన్ను నాలుగు తిట్టరాదూ!”

ఆయన దారం కొసను పళ్లతో కొరికి, “నువ్వు అన్నది ఒక్క మాట. క్లినిక్‌ల డాక్టరు అడిగితె లేదన్నది ఎవలు? నేనే గద. నువ్వు నన్ను బరి దాక పంపినవ్. గీ నోరు నన్ను చావు దాక పంపింది. అయినా హైదరాబాద్‌ల నిజం చెప్పింది నువ్వే గద, ఇగ తిట్టుడెందుకు?” అన్నాడు. అని, హుక్కు వంకరగా కుట్టాడు. విప్పి మళ్లీ కుట్టమన్నాను. మిషన్ తొక్కుతూ చాలాసేపు ఏడ్చాను, కానీ అది వేరే ఏడుపు. గుండెల మీంచి గిర్ని రాయి దించినట్టు అయింది.

అంత మంచి మాటలు చెప్పిన మనిషి ఆ మరుసటి వారమే దొంగతనం చేశాడు. కాళ్లు సన్నబడ్డాయని, షెడ్డు వెనక ఎవరూ చూడకుండా ఇరవై బస్కీలు తీశాడు. పిండి దులపడానికి వెనక్కి వెళ్లిన అత్తమ్మ పట్టుకుంది. సాయంత్రానికి గుండె దడ, మర్నాటికి పాదాలు వాచాయి. ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. ఎకోలో మెరుగు ఆగిపోయింది. డాక్టరమ్మ ఈసారి కళ్లద్దాలు పెట్టుకొని మరీ తిట్టింది. “గోడకు సిమెంటు పూసి తడి ఆరకముందే మేకు కొడతారా? లోపల ఆ కణాలు పని చేస్తున్నాయని ఊరంతా చెప్పారట. మరి వాటిని చేయనివ్వరా?” ఈయన తల వంచుకున్నాడు. మందు మోతాదు మార్చింది. ఆ నాటి నుంచి అత్తమ్మ షెడ్డు వెనక తన మంచం వేసింది.

మూడు నెలలకు ఈఎఫ్ నలభై ఆరు. ఆరు నెలలకు మళ్లీ హైదరాబాద్ వెళ్లాం. ఎకో గదిలో టెక్నీషియన్ అంకెలు రాసుకుంటుంటే నేను మెడ చాచి ఆ కాగితం వైపే చూశాను. తర్వాత ఇరవై నాలుగు గంటలు గుండె లయను రాసుకొనే హోల్టర్ మిషన్, ట్రెడ్‌మిల్ టెస్ట్. చివరికి డాక్టరమ్మ కాగితాలన్నీ ముందు పరుచుకొని, “యాభై ఎనిమిది” అంది. “వాపు లేదు. లయ బాగుంది. మెల్లమెల్లగా పని మొదలుపెట్టండి, మందులు నేను చెప్పినప్పుడే ఆపండి. మీ పెద్దమనుషులు కొట్లాట ఆపేశారు సంగమేశ్ గారూ.”

ఆయన లేచి, ఓడినప్పుడు గెలిచినవాడి చెయ్యి ఎత్తినట్టు, డాక్టరమ్మ చెయ్యి పట్టుకొని పైకెత్తబోయాడు. నేను చొక్కా పట్టుకొని లాగాను. ఆమె మాత్రం పకపకా నవ్వింది. బయట హాల్లో మా తమ్ముడు స్వీటు డబ్బా తెరిచి తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ పంచాడు. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన, తన భార్య రిపోర్టు కోసం చూస్తున్నాయన, రెండు తీసుకొని “మాకు గూడ గిట్లనె రావాలె” అన్నాడు. ఆ మాటకు మేమంతా ఒకేసారి “వస్తది, వస్తది” అన్నాం.

ఇప్పుడు ఆయన గిర్నిలో సగం బస్తాలు ఎత్తుతున్నాడు. మిగతా సగం గిర్ని ఆధిపత్యం అత్తమ్మ వదలడం లేదు. కడెం కుస్తీ ఇక పట్టనని ఆయనే అన్నాడు, నేను అడగలేదు. ఆదివారం తాలీంకు వెళ్లి కొత్తవాళ్లకు పట్లు చూపిస్తాడు. ఆర్నెల్లకొకసారి చెకప్. పొద్దునా సాయంత్రం మా ఇద్దరి నడక.

ఇది చదువుతున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. జ్వరం తగ్గీ తగ్గక ముందే బరువు పనులకు, ఆటలకు దిగకండి. జ్వరం తర్వాత ఛాతీలో బరువో, ఆయాసమో, గుండె దడో వస్తే వెంటనే ఈసీజీ తీయించుకోండి. డాక్టరు అడగకముందే జ్వరం సంగతి చెప్పండి. దవాఖానలో ఎవరి ముందూ పౌరుషం వద్దు.

మొన్న మాఘమాసం పెళ్లిళ్ల ముందు నాకు జ్వరం వచ్చింది. బల్ల మీద పదిహేడు బ్లౌజులు ఉన్నాయి, మాట ఇచ్చిన తారీఖులు ఉన్నాయి. రెండో రోజు పారాసిటమాల్ వేసుకొని మిషన్ ముందు కూర్చున్నాను. ఆయన వచ్చి, నన్ను లేపి, మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, వీధి వాకిట్లో నిలబడ్డాడు. పెళ్లి బ్లౌజు కోసం వచ్చినామె గుమ్మం ఎక్కకముందే మొదలుపెట్టాడు.

“మా ఆమెకు జ్వరమొచ్చింది అక్కా. తగ్గినంక గూడ వారం దినాలు మిషన్ తొక్కది.”

“గట్లంటె ఎట్లనయ్యా? నాకు మాట ఇచ్చింది గద!”

“ఇచ్చింది అక్కా, తప్పుతది. జ్వరం అని చెప్తున్న గద, జ్వరం!”

ఆ గొంతు వీధి చివరి దాకా వినబడి ఉంటుంది. సొంత జ్వరం గురించి చావు ముందు కూడా నోరు విప్పని మనిషి, నా జ్వరాన్ని బజారంతా చాటుతున్నాడు. నేను కళ్లు మూసుకొని, పది రోజులు హాయిగా పడుకున్నాను.